మార్త రాయని మాటలు

కోనసీమ ఎట్లా ఉందని అడిగినవాళ్ళందరికీ "పచ్చగా ఉంది, మనుషులు మంచివాళ్ళు" అని చెప్పి తప్పించుకుంటున్నాను. రెండూ నిజమే. కానీ అక్కడ నాలుగు రోజుల్లో నాకు ఎదురైంది చెప్పాలంటే ముందు నేనెవరో చెప్పాలి.

నా పేరు సుగుణ. మాది నంద్యాల. హైస్కూల్లో తెలుగు చెప్పి మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. మా సంఘంలో పద్దెనిమిదేళ్ళుగా మిషనరీ సహాయ కార్యదర్శిని. ఇతర దేశాలకు సువార్త పనికి వెళ్ళేవాళ్ళను ప్రోత్సహించడం, వెళ్ళినవాళ్ళ బాగోగులు చూడడం, వాళ్ళ ఉత్తరాలు సంఘానికి చదివి వినిపించడం నా పని. ఏడాదికోసారి మిషనరీ ఆదివారం జరుపుతాం. ఆ రోజు నేను నిలబడి "ఎవరు వెళ్తారు?" అని అడుగుతాను.

పదకొండేళ్ళ కిందట అట్లా అడిగినప్పుడు లేచిన మనిషి మార్త. పుట్టింది రాజోలు దగ్గర. అప్పట్లో నంద్యాలలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసేది, మా సంఘానికే వచ్చేది. మేమంతా ఆమె తలమీద చేతులుంచి ప్రార్థించి నేపాల్ పంపించాం. ఈ ఏడాది మొదట్లో ఆమె హఠాత్తుగా తిరిగొచ్చేసింది. "ఆరోగ్యం బాగాలేదు" అని ఒక్క వాక్యం రాసి, నంద్యాల రాకుండా నేరుగా పుట్టినూరికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తదు. మిషనరీ ఆదివారం దగ్గరపడుతోంది. ఆమెను ఎలాగైనా ఒప్పించి తీసుకొచ్చి మాట్లాడిస్తానని కమిటీకి మాటిచ్చి బయల్దేరాను.

రావులపాలెం

గౌతమి వంతెన దాటి రావులపాలెంలో దిగేసరికి పొద్దున పది. సైకిళ్ళకు అటూ ఇటూ అరటిగెలలు కట్టుకుని మనుషులు వరసగా మార్కెట్టుకు పోతున్నారు. సైకిలు కనబడదు, గెలలే నడిచిపోతున్నట్టుంటుంది. మా వైపు ఈ నెలలో ఇంకా నల్లరేగడి నెర్రెలు పూడవు. ఇక్కడ రోడ్డు పక్క కాలవలో నీళ్ళు రోడ్డుతో సమానంగా నిండుగా పారుతున్నాయి. పడిపోతామేమోనని నేనొక్కదాన్నే రోడ్డు మధ్యకు జరిగి నడుస్తున్నాను.

కొబ్బరిబొండాలాయన దగ్గర ఆగాను. బొండం ముప్పై రూపాయలు. మా ఊళ్ళో యాభై ఇచ్చినా ఇందులో సగం నీళ్ళుండవు.

"నీళ్ళెక్కువుండేది చూసి కొట్టియ్యి" అన్నాను.

"ఆయ్" అన్నాడు.

వినబడలేదనుకుని గట్టిగా మళ్ళీ చెప్పాను. మళ్ళీ "ఆయ్" అన్నాడు. మూడోసారి ఇంకా గట్టిగా చెప్పాను. పక్కన నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు.

ఆయన నవ్వి, "అలాగేనని అంటున్నానండి అమ్మగారూ. మా వైపు ఆయ్ అంటే సరేనని అండి" అన్నాడు.

సిగ్గేసింది. అంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన ప్రతి మాటకీ నన్ను అండీ, అమ్మగారూ అంటుంటే నేను ఏకవచనంలో మాట్లాడుతున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు గౌరవ వాచకాలు నేర్పినదాన్ని. డబ్బులిచ్చేటప్పుడు "తీసుకోండి" అన్నాను. ఆ నాలుగు రోజుల్లో పడ్డ సిగ్గుల్లో అదే అన్నిటికన్నా తేలికైనది.

కొత్తపేట

కొత్తపేటలో స్త్రీల సమాజం పెద్ద కాంతమ్మగారి ఇంట్లో దిగాను. యాభై అయిదేళ్ళ మనిషి, ఇంటి ముందు గదిలో నలుగురికి భోజనాలు పెట్టే చిన్న మెస్సు నడుపుతారు. "వందనాలండీ టీచరుగారూ, ప్రయాణం బాగా జరిగిందాండి?" అంటూనే కాళ్ళకు నీళ్ళిచ్చారు. భోజనంలో ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. మాకు పనసకాయంటే పండయ్యాక తొనలు ఒలుచుకోవడమే తెలుసు. చింతపండు, ఆవఘాటు కలిసి ముక్కుకెక్కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనేదో బాధలో ఉన్నాననుకుని ఆవిడ కంగారుపడి మజ్జిగ తెచ్చారు.

భోజనం చేస్తుంటే ఇద్దరు ఆడవాళ్ళు పూలబుట్టలతో వచ్చి గుమ్మంలో మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళారు. పలివెల గుడికి నడిచి వెళ్తున్నారట. "ఎప్పుడూ మా ఇంటి దగ్గరే ఆగుతారండి. వచ్చేటప్పుడు కొబ్బరిచిప్ప ఇచ్చి వెళ్తారు" అన్నారు కాంతమ్మగారు, అందులో వింతేమీ లేనట్టు.

మధ్యాహ్నం మూడింటికి రేకుల షెడ్డు చర్చిలో స్త్రీల కూటం. ముప్పైమంది దాకా వచ్చారు. దారిలో ఇక్కడ కూడా మాట్లాడి వెళ్తానని నేనే అడిగి పెట్టించుకున్న కూటం అది. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నది చెప్పాను. ఎరగని దేశాల్లో వినని చెవులు ఎన్నో ఉన్నాయనీ, కడుపు చల్లగా కూచుని పాడుకుంటే చాలదనీ చెప్పాను. తర్వాత మార్త సంగతి ఎత్తాను. నేపాల్ కొండల్లో ఆమె చుట్టూ నలభై మంది స్త్రీలు చేరారని చెప్పాను. వాళ్ళలో ఒకామె తన ఇంటి దేవతలను విడిచి, కన్నీళ్ళతో మోకరించిందని, ఆమె "హిమగిరుల నడుమ వికసించిన పుష్పం" అని చెప్పాను. ఆ మాట దగ్గర నా గొంతు ఎప్పుడూ సరిగ్గా వణుకుతుంది. ఆ రోజూ వణికింది.

కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు చాలామంది. నేను "ఎవరు వెళ్తారు?" అన్నాను. వెనక వరసలోంచి ఒకామె లేచింది. పేరు రూతు. ముప్పై ఏళ్ళుంటాయి, అమలాపురంలో ఆసుపత్రిలో నర్సు. "నేను వెళ్తానండి" అంది. పదకొండేళ్ళ కిందటి మార్త గుర్తొచ్చి నాకు గర్వంగా అనిపించింది.

కూటం అయ్యాక కాంతమ్మగారు గ్లాసులు కడుగుతూ అన్నారు: "మార్తగారు మా వైపు మనిషేనండి. మొన్న ఒక పెళ్ళిలో కలిసేరు. అక్కడ కుట్టు నేర్పేదాన్నని చెప్పేరు గానీ, నలభై మంది సంగతేం చెప్పలేదండి."

"మార్తకు వినయం ఎక్కువ" అన్నాను.

"ఆయ్" అన్నారు ఆవిడ.

ఇక్కడ నిజం చెప్పేస్తాను. మార్త ఏ ఉత్తరంలోనూ నలభై అని రాయలేదు. కొన్నేళ్ళ కిందట ఆమె రాసింది ఇది: "ఈ నెల కుట్టు తరగతికి ఎనిమిది మంది వస్తున్నారు. వాళ్ళలో ఒకామె నాతో కూచుని టీ తాగి, మీ దేవుడు మా భాషలో వింటాడా అని అడిగింది. నాకు భాష చాలక జవాబు సరిగా చెప్పలేకపోయాను. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను." దానితో ఒక ఫొటో, కుట్టుమిషను దగ్గర నవ్వుతున్న ఆ స్త్రీదే, వెనక పేరు రాసి.

చదివినప్పుడు చప్పగా ఉందనిపించింది. సంఘం విసుక్కుంటుందనిపించింది. పిల్లల వ్యాసాలు దిద్దినట్టే ఎర్ర ఇంకు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది మందిని మొదట 'చాలామంది' చేశాను. మిషనరీ ఆదివారం నాటికి నలభై చేశాను. ప్రశ్న అడిగిన మనిషిని మోకరించేలా చేశాను. మంచి పనికోసమే కదా అనుకున్నాను. ఆ ఉత్తరం, ఫొటో, పేరుతో సహా మా సంఘ పత్రికలో వేశాం. వరసగా నాలుగు ఉత్తరాలు అట్లాగే దిద్దాను. తర్వాత నేను దిద్దానన్న సంగతి నాకే గుర్తులేకుండా పోయింది.

అంబాజీపేట, అమలాపురం

మర్నాడు పొద్దున అంబాజీపేటలో టిఫినుకి దిగాను. పొట్టిక్కలు అని ఇస్తారు ఇక్కడ. పనసాకులను బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి పెడతారు. రెండు పొట్టిక్కలు, పచ్చడి నలభై రూపాయలు. ఎట్లా తినాలో తెలియక ఆకుతో సహా కొరికాను. ఎదురు బల్లమీద పెద్దాయన చూసి, నవ్వు ఆపుకుంటూ, "ఆకు విప్పి తినాలండి" అన్నారు. విప్పితే పనసాకు వాసన ఇడ్లీకంతా పట్టి ఉంది. అంత మెత్తని ఇడ్లీ నేనెక్కడా తినలేదు.

అమలాపురంలో గడియార స్తంభం చుట్టుపక్కల ఎటు చూసినా గల్ఫ్ బోర్డులే. టిక్కెట్లు, వీసాలు, మెడికల్. ఒక దుకాణం ముందు ఒకామె పచ్చళ్ళ సీసాలను గుడ్డల్లో చుట్టి, ప్లాస్టరు వేసి, ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తోంది, లోపల కారుతోందేమోనని. తమ్ముడు కువైట్ వెళ్తున్నాడట. అతను అక్కడ లేడు కూడా. ఆమె ఒక్కతే రోడ్డు మీద చతికిలబడి, గంటసేపట్నించీ ఆ సీసాలు కడుతోందని దుకాణం మనిషి చెప్పాడు.

మేం మార్తను పంపేటప్పుడు ఏం కట్టి ఇచ్చామో గుర్తుచేసుకున్నాను. శాలువా కప్పాం. గ్రూపు ఫొటో ఫ్రేము కట్టించి ఇచ్చాం.

రాజోలు

బోడసకుర్రు వంతెన మీదుగా వైనతేయ పాయ దాటి, తాటిపాక మీదుగా రాజోలు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అక్కణ్ణించి ఆటో. చివర కాలవగట్టు మీద నడవాలి. పొద్దున వాన పడింది. మా నల్లరేగడి కాళ్ళకు అంటుకుంటుంది గానీ జారనివ్వదు. ఈ ఒండ్రుమట్టి నన్ను నాలుగడుగులకే కూచోబెట్టింది. చీర సగం బురద. పక్క ఇంటి గుమ్మంలోంచి ఒకామె పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకుని లేపింది.

"మార్తగారింటికాండి? మా పక్కిల్లేనండి. ముందు కాళ్ళు కడుక్కోండి" అంది.

ఆమె లక్ష్మి. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త ఖతార్లో డ్రైవరు. వాళ్ళింట్లో వెంకటేశ్వరస్వామి పటం కింద నన్ను కూచోబెట్టి, తన చీర ఒకటి ఇచ్చింది కట్టుకోమని. మార్త రాజోలు ఆసుపత్రికి వెళ్ళిందని, రెండింటికల్లా వస్తుందని చెప్పింది.

"జబ్బు ఎట్లా ఉంది?" అన్నాను.

"జబ్బేంటండి? పనికి వెళ్ళేరండి. రోజు విడిచి రోజు డ్యూటీ" అంది. తర్వాత నన్ను పరకాయించి చూసి, "మార్తగార్ని నేపాల్ పంపింది మీ వాళ్ళేనాండి?" అంది.

అవునన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

"అయితే మీరూ ఫోన్ చేసేవారా? నేను ఆదివారం ఆదివారం చేసేదాన్నండి. ముందు మా ఆయనకి, తర్వాత ఆవిడకి. ఇద్దరికీ ఒకటే అడిగేదాన్నండి. తిన్నారా, ఏం తిన్నారు, ఒంట్లో ఎలా ఉంది, ఎవరితోనన్నా మాట్లాడేరా ఇవాళ అని. ఆవిడకి అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళే లేరు కదండి. ఒకోసారి ఏం మాటలుండేవి కాదు. మా కోడి పొదిగిందని, కాలవకి నీళ్ళొచ్చేయని చెప్పేదాన్ని. ఆవిడ వింటా ఉండేవారు."

"నీకు ఆమె బంధువా?"

"కాదండి. మా ఆయన్ని పంపేక తెలిసిందండి నాకు. మనిషిని దూరం పంపేక సగం మనం కూడా అక్కడికెళ్ళిపోతామండి. ఇక్కడుండి ఏం చెయ్యగలం, అడగడమే కదా."

నేను తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. మార్త తన ఉత్తరాల చివర ప్రతిసారీ ఒకటే రాసేది: "టీచరుగారూ, వీలుంటే తెలుగులో ఒక ఉత్తరం రాయండి. నంద్యాల విశేషాలేవైనా సరే." ఉత్తరాలు రాయడం పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా ముప్పై ఏళ్ళు నేర్పినదాన్ని. ఒక్కటీ రాయలేదు. ఫోన్లో మెసేజీలు పెట్టేదాన్ని: 'ఫొటోలు పంపు. ఎంతమంది వస్తున్నారో పంపు. పత్రిక ఆలస్యమవుతోంది.'

మార్త వచ్చింది. సన్నబడింది, ముందు జుట్టు నెరిసింది. నలభై ఆరేళ్ళకే. నన్ను లక్ష్మి చీరలో చూసి ఒక్క క్షణం ఆగి, "వచ్చేరా టీచరుగారూ" అంది. వస్తానని తనకెప్పుడో తెలిసినట్టు.

తన ఇంట్లో అన్నం పెట్టింది. చేపల పులుసు, మామిడికాయ వేసి. ముళ్ళు తీయడం రాక నేను అవస్థ పడుతుంటే తనే తీసి నా పళ్ళెంలో వేసింది. తిన్నాక నేను మిషనరీ ఆదివారం సంగతి ఎత్తాను. సంఘమంతా ఎదురుచూస్తోందని, ఆ నలభై మంది గురించి ఆమె నోటితో వినాలని ఉందని కూడా అన్నాను. అంతగా అలవాటైపోయింది ఆ అబద్ధం.

మార్త లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి కూచుంది.

"ఏ నలభై మంది టీచరుగారూ?"

నేను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను.

"పత్రిక నేను చూసేను. మన సంఘం కుర్రాళ్ళు పోయినేడాది చివర ఆ పాత ఫొటోని, కింద ఇంగ్లీషులో రాసి, ఫేస్‌బుక్‌లో పెట్టేరు. ఆ ఊరి మనిషొకతను బెంగళూరులో హోటల్లో పనిచేస్తాడు. అతని ఫోన్లోకి వచ్చింది. అతను వాళ్ళ ఊరికి పంపేడు."

ఆమె గొంతు పెంచలేదు. రోగి కేసు చెబుతున్నట్టు చెప్పింది.

ఆ స్త్రీ పేరు ఇక్కడ రాయను. ఊరు కూడా రాయను. ఆమె చేసింది మార్తతో టీ తాగి ఒక ప్రశ్న అడగడం. ఫొటో చూశాక అత్తవారు ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. తానేదీ విడవలేదని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఫొటో ఉంది, పేరు ఉంది, కింద రాసిన మాట ఉంది. నాలుగేళ్ళ కూతుర్ని నాలుగు నెలలపాటు చూడనివ్వలేదు. కుట్టు తరగతికి వచ్చే మిగతా ఏడుగురూ మానేశారు. మరిది వచ్చి కుట్టుమిషన్లు బయట పడేశాడు. ఊరి పెద్దలు మార్తను రెండు రోజుల్లో వెళ్ళిపొమ్మన్నారు. మర్యాదగానే చెప్పారట.

"ఇప్పుడు ఇంట్లోకి రానిచ్చేరు. వీధి దాటనివ్వరు" అంది మార్త.

"అది నేనే రాశానని నీకు..." అన్నాను.

"హిమగిరుల నడుమ వికసించిన పుష్పం అని నేను రాయనండి. నాకంత తెలుగు రాదు."

కమిటీలో కొందరు మార్త పని వదిలేసి వచ్చేసిందని అనుకోవడం, నేను "పాపం, అందరికీ నిలకడ ఉండదు" అని జాలిగా అనడం గుర్తొచ్చాయి. అడిగాను: "ఇంత జరిగితే మాకెందుకు చెప్పలేదు మార్తా? ఆరోగ్యం అని ఎందుకు రాశావు?"

"చెబితే దాన్ని కూడా చదివి వినిపిస్తారేమోనని భయమేసిందండి."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆమె నన్ను ఓదార్చాల్సి వస్తుంది. అందుకే లేచి పళ్ళేలు తీశాను.

లక్ష్మి వరండా

మర్నాడు నేను మార్తను అడిగాను, నేపాల్లోని ఆ స్త్రీతో మాట్లాడి క్షమాపణ అడగొచ్చా అని. మార్త వెంటనే ఒప్పుకోలేదు. "మీ మనసు తేలిక చేసుకోడానికైతే వద్దండి" అంది. మధ్యాహ్నం దాకా ఆలోచించింది. చివరికి ఆ ఊళ్ళో ఒక పొరుగావిడ ఫోనుకి మెసేజి పెట్టింది. మాట్లాడతానని ఆ స్త్రీ అన్నాకే కలిపింది. మార్త ఇంట్లో సిగ్నలు అందదు, లక్ష్మి వరండాలో కూచున్నాం. లక్ష్మి కొబ్బరికాయల పీచు వలుస్తున్నదల్లా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఫోన్లోంచి ముందు కోళ్ళ అరుపులు వినిపించాయి, తర్వాత ఒక సన్నని గొంతు. మార్త ఆ భాషలో మాట్లాడుతుంటే నాకు కొత్త మనిషిని చూస్తున్నట్టుంది. ఆ భాష కోసం ఆమె ఎన్నేళ్ళు కష్టపడిందో నేనెప్పుడూ అడగలేదు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఉత్తరాన్ని మార్చింది నేనని, మార్తది తప్పు కాదని, నా తప్పని. మార్త ఒక్కో వాక్యం ఆ భాషలోకి మార్చి చెప్పింది. అవతలి నుంచి ఒక ప్రశ్న.

"మీ వయసెంతని అడుగుతోందండి."

"అరవై ఒకటి."

"వాళ్ళత్తగారి వయసేనట."

మళ్ళీ ఏదో అంది. మార్త కొంచెం తటపటాయించి చెప్పింది: "తను మీకేం చేసిందని అడుగుతోందండి. ఎందుకలా రాసేరని."

ఎందుకు రాశాను? మంచి పని కోసమని, సంఘంలో ఉత్సాహం కోసమని ఎన్నో కారణాలు ఇన్నేళ్ళుగా నాకు నేనే చెప్పుకున్నవి ఉన్నాయి. ఒక్కటీ ఆ ఫోన్లోకి చెప్పేలా లేదు.

"చదివినప్పుడు అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. అందుకు" అన్నాను.

మార్త నా వైపు ఒకసారి చూసి, ఆ మాట ఉన్నదున్నట్టే చెప్పింది.

ఆమె తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. తన పేరు ఇంకా ఎక్కడైనా ఉందా అని అడిగింది. ఉంటే తీసెయ్యమంది. "తన గురించి ఎవరికీ చెప్పొద్దంటోందండి. మంచిగా కూడా చెప్పొద్దట" అంది మార్త. ఎవరో వస్తున్నట్టున్నారు, ఫోన్ ఆగిపోయింది.

సంఘంలో చెప్పడానికీ, ఈ కథనం రాయడానికీ ముందు మార్త ద్వారా ఆమెను మళ్ళీ అడిగించాను. పేరు, ఊరు లేకుండా, నేను చేసిన తప్పు చెప్పడానికి మాత్రమే అయితే సరేనంది. జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది.

ఆ సాయంత్రం మార్తను నంద్యాల రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. తనే అంది: "నేను రానండి. చెప్పాల్సింది మీరు కదా."

"నువ్వు మళ్ళీ వెళ్తావా?" అన్నాను.

"వెళ్తానండి. వేరే జిల్లాలో ఒక ఆసుపత్రిలో నర్సు కావాలన్నారు. దసరా తర్వాత వెళ్తాను."

"ఇంత జరిగాక కూడానా? నేను నిన్ను పంపి..."

మార్త నవ్వింది. వచ్చాక మొదటిసారి.

"ఆ రోజు నన్ను పిలిచింది మీరనుకున్నారా టీచరుగారూ? మీరు కాదండి. అందుకే మళ్ళీ వెళ్ళగలుగుతున్నాను."

మళ్ళీ కొత్తపేట

సఖినేటిపల్లి రేవు దగ్గర పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురంలో రైలెక్కాలని మొదట అనుకున్నాను. పంటు మీద లారీలు, మోటారు సైకిళ్ళు, మేకలు, మనుషులు అందరూ కలిసి ఏరు దాటుతారట. చూడాలని సరదా పడ్డాను. చూడలేదు. వచ్చిన దారినే కొత్తపేట వెళ్ళాను.

కాంతమ్మగారు మెస్సులో అన్నం వారుస్తున్నారు. నిలబడే నా తప్పంతా చెప్పాను. ఆవిడ గరిటె పట్టుకుని మొత్తం విన్నారు. "ఆయ్" అన్నారు. అది సరేననా, విన్నాననా, నాకు తెలియలేదు. తర్వాత అన్నారు: "మా వాళ్ళకి నేను చెప్పలేనండి. మీరే చెప్పాలి. పిలుస్తాను."

ముప్పైమందిలో తొమ్మిదిమంది వచ్చారు. పని వేళ కదా. నేను చెబుతుంటే ఎవరూ నా మొహంలోకి చూడలేదు. అది వాళ్ళ మర్యాద అని తర్వాత అర్థమైంది. తప్పు చేసిన మనిషిని కళ్ళతో పొడవడం ఇక్కడి వాళ్ళకు చేతకాదు. మా ఊళ్ళో అయితే నిలదీసేవాళ్ళు. అది ఇంతకన్నా సుఖంగా ఉండేదేమో.

రూతు డ్యూటీ మీద అమలాపురంలో ఉంది. ఫోన్లో చెప్పాను. అంతా విని, "అయితే నేను ఆలోచించుకోవాలండి" అంది.

"తప్పకుండా ఆలోచించుకోమ్మా. నీకేమైనా సహాయం కావాలంటే నేను..."

"మార్తగారి నంబరు ఇస్తారాండి? ఆవిణ్ణే అడుగుతాను" అంది. మర్యాదగానే అంది. నంబరు చెప్పాను, రెండుసార్లు సరిచూసుకుంది.

కాంతమ్మగారు మొదటి రోజులాగే అన్నం పెట్టి పంపారు. డబ్బులు తీసుకోమంటే చేతులు జోడించారు. బస్సు దాకా మాత్రం రాలేదు.

నంద్యాల

పాస్టరుగారికి ముందు చెప్పాను. ఆయన తల పట్టుకుని, సంఘం ముందు చెప్పకపోతేనే మంచిదేమో, ఇకమీద జాగ్రత్తగా ఉందాం అన్నారు. నేను కాదన్నాను. ఆయనకు ఇష్టం లేకపోయినా మిషనరీ ఆదివారం నాకు పదిహేను నిమిషాలిచ్చారు. ఈలోగా యువకులచేత ఆ ఫొటో తీయించాను. వాళ్ళు తీసినా ఎవరెవరు దాచుకున్నారో తెలియదని చెప్పారు. ఇళ్ళకు వెళ్ళి పాత పత్రికలు అడిగి తెచ్చుకున్నాను. కొన్ని దొరికాయి. ఒకరింట్లో ఆ పేజీని చింపి పిల్లవాడి పుస్తకానికి అట్టగా వేశారు. ఆ పుస్తకం ఏ ఏడాదిదో, ఏ పాతసామానులోకి పోయిందో వాళ్ళకే తెలియదు.

ఆ ఆదివారం నిలబడి మొత్తం చెప్పాను, ఆ స్త్రీ పేరు, ఊరు తప్ప. ఎర్ర ఇంకు దిద్దుబాట్లు లేకుండా మార్త అసలు ఉత్తరం చదివాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. కార్యదర్శి పని వదిలేస్తున్నానని చెప్పాను. "ఎవరు వెళ్తారు?" అని అడగలేదు. ఒకాయన లేచి, ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశావమ్మా అన్నాడు. అవునన్నాను. కొందరు ప్రార్థన కాకముందే వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక సుందరమ్మవ్వ ముందు బెంచీలోనే కూచుని ఉంది. ఎనభై దాటిన మనిషి. చదువు రాదు. నేను దగ్గరికి వెళ్ళాను.

"అట్లయితే ఆ నలభై మంది లేరా అమ్మా?" అంది.

"లేరవ్వా. ఎనిమిది మందే. కుట్టు నేర్చుకునేదానికి వచ్చేవాళ్ళు."

"నేను దినామూ తెల్లారుజామున లేచి ఆ నలభై మందికి ప్రార్థన చేస్తాండా. ఇన్నేండ్లూ నేను చేసింది ఎవురికోసరం?"

ఆమె పక్కన కూలబడ్డాను.

అవ్వే అడిగింది: "ఆ ఎనిమిది మంది పేర్లు చెప్పు. అవి గుర్తుపెట్టుకుంటా."

"పేర్లు చెప్పకూడదవ్వా. ఆమె వద్దంది."

"వద్దంటే వద్దులే" అంది అవ్వ. రెండు చేతులూ ఒళ్ళో చాపుకుని, బొటనవేళ్ళు కాక మిగిలిన ఎనిమిది వేళ్ళనూ ఒక్కోటీ బొటనవేలితో తాకుతూ, కళ్ళు మూసుకుని పెదవులు కదిలించడం మొదలుపెట్టింది. నేను కూడా కళ్ళు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. ఆమె వేళ్ళ వైపే చూస్తూ కూచున్నాను.